తుక్కు సీసం ఎంత గట్టిది: కొన్న దిమ్మను ఇంటి దగ్గరే కొలిచి చూసుకునే పద్ధతి

అమెరికాలో తుపాకీ గురి సాధనను వ్యాపకంగా పెట్టుకున్నవారిలో కొందరు సీసపు గుండ్లను కొట్లో కొనకుండా తామే అచ్చుల్లో పోత పోసుకుంటారు. వారికి దొరికే సీసం చాలావరకు తుక్కే. కారు చక్రాలకు తగిలించిన బ్యాలెన్సింగ్ వెయిట్లు, ఫైరింగ్ రేంజి మట్టికట్టలను జల్లెడ పట్టగా వచ్చిన పాత గుండ్లు, కూల్చిన ఆస్పత్రుల ఎక్స్‌రే గదుల్లోంచి ఊడబెరికిన రేకులు, మూతపడిన అచ్చాపీసుల అక్షరాలు, ఇలాంటివాటిని ఎవరో ఒకరు కరిగించి, తెట్టు తీసి, దిమ్మలుగా పోసి, తపాలా శాఖవారి మీడియం ఫ్లాట్ రేట్ పెట్టెలో సర్ది అమ్ముతారు. ఆ పెట్టెలో 70 పౌండ్ల వరకు ఎంత బరువు పెట్టినా తపాలా రుసుము మారదు కనుక, చెప్పుల జోడు పట్టేంత పెట్టె ఒక్కరు ఎత్తలేనంత బరువుతో గుమ్మం ముందు దిగుతుంది. పైన ఒక చీటీ ఉంటుంది: ‘మెత్తది’ అనో, ‘రేంజి సీసం’ అనో, ‘12 బ్రినెల్’ (బ్రినెల్ అంటే గట్టిదనాన్ని చెప్పే అంకె) అనో. ఆ చీటీ మీది అంకెను ఎంతవరకు నమ్మవచ్చునో, నమ్మలేనప్పుడు మనమే ఎలా కొలుచుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం పని.

నేను మొదట కొన్న పెట్టె మీద 9 అని ఉంది. ఇంటికి వచ్చాక నాలుగు దిమ్మలు కొలిస్తే నాలుగూ 12 చూపాయి. అమ్మినవాడు మోసం చేశాడని నిశ్చయించుకుని ఘాటుగా ఉత్తరం కూడా రాశాను. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి ఒక దిమ్మను మళ్లీ కరిగించి, చిన్న బిళ్లగా పోసి, గంట ఆగి కొలిస్తే 9 కంటే కొంచెం ఎక్కువ వచ్చింది. అదే బిళ్లను రెండు వారాల తర్వాత కొలిస్తే 12. ఆయన అబద్ధమాడలేదు, పోసిన రోజునే కొలిచాడు, అంతే. సీసపు మిశ్రమానికి గట్టిదనం అనేది పుట్టుమచ్చలాంటిది కాదు. ఏ లోహాలు కలిశాయి, ఎలా చల్లారింది, చల్లారి ఎన్నాళ్లయింది అన్న మూడు సంగతులు తెలియకుండా చెప్పిన అంకెకు విలువ లేదు. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగిలినదంతా చేతిపనే.

చట్టం సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయడం నేరం కాబట్టి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని పాఠకులు దీనిని లోహాన్ని పరీక్షించే పద్ధతిగా మాత్రమే చదువుకోవాలి. వలలకు కట్టే సీసపు గుళ్లు పోసేవారికి కూడా ఇందులో పనికివచ్చేది ఉంది. అమెరికాలో సొంత వాడుకకు పోసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు, వ్యాపారంగా అమ్మాలంటే కావాలి, రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి. అక్కడి తెలుగువారు ముఖ్యంగా గమనించవలసినది ఇంకొకటి ఉంది. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటంవంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తుపాకీ గాని మందుగుండు గాని దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. మందుగుండు అన్న మాటకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో పూర్తి తూటాయే కాదు, తుపాకీ కోసం చేసిన విడి గుండు కూడా ఉంది. దిమ్మగా ఉన్నంతసేపూ అది లోహం, అచ్చులోంచి బయటపడితే మందుగుండు. గ్రీన్ కార్డు రానివారు వకీలును అడగకుండా ఈ వ్యాపకం జోలికి పోకపోవడమే క్షేమం.

బ్రినెల్ అంకె అంటే ఏమిటి

స్వీడన్ ఇంజనీరు యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ 1900లో వెలుగులోకి తెచ్చిన పద్ధతి ఇది. గట్టి ఉక్కు గోళీని తెలిసిన బరువుతో లోహం మీద కొంతసేపు నొక్కి, పడిన గుంట ఉపరితల వైశాల్యంతో ఆ బరువును భాగిస్తారు. బరువు కిలోగ్రాముల్లో, వైశాల్యం చదరపు మిల్లీమీటర్లలో తీసుకుంటారు. గుంట పెద్దదైతే అంకె చిన్నది.

శుద్ధ సీసం 5 దగ్గర ఉంటుంది. 20 పాళ్ల సీసానికి 1 పాలు తగరం కలిపితే 10 అవుతుంది. చక్రానికి క్లిప్పుతో తగిలించే వెయిట్లు కరిగించి గాలిలో ఆరబెడితే 9 నుంచి 12 వరకు చూపుతాయి. జిగురుతో అంటించే వెయిట్లు దాదాపు శుద్ధ సీసమే కాబట్టి 6 దాటవు. లైమన్ నంబర్ 2 అని పేరున్న మిశ్రమంలో 90 పాళ్ల సీసం, 5 తగరం, 5 యాంటిమొనీ (సీసాన్ని గట్టిపరచడానికి కలిపే మూలకం) ఉంటాయి, దాని గట్టిదనం 15. అచ్చుయంత్రాల లైనోటైపు లోహంలో 84 సీసం, 12 యాంటిమొనీ, 4 తగరం, అది 20 నుంచి 22. మోనోటైపు లోహం 28 దాకా వెళ్తుంది. ఒకప్పటి తెలుగు అచ్చాపీసుల్లో కంపోజిటర్లు ఒక్కొక్కటిగా ఏరి పేర్చిన అక్షరాలు ఈ కుటుంబానివే. వేల ప్రతులు అచ్చొత్తినా ఒత్తు అరగకుండా, తలకట్టు విరగకుండా నిలవడానికి యాంటిమొనీ కారణం.

గట్టిదైతేనే మేలైనదనే భ్రమ కొత్తవారిలో బలంగా ఉంటుంది. మూతి నుంచి గుండు దట్టించే పాత తరహా తుపాకులకు గుడ్డ చుట్టి దించే గుండు శుద్ధ సీసంతో చేయాలి, అక్కడ 12 ఉన్నది పనికిరాదు. మామూలు చేతి తుపాకుల గురి సాధనకు 10, 12 మధ్య ఉంటే సాధారణంగా చాలు. అవసరానికి మించి గట్టిగా ఉన్న గుండు గొట్టం లోపలి గాళ్లను ఒదిగి మూయలేక, పక్కనుంచి వేడి వాయువు దూరి, గొట్టానికి సీసం అంటుకుంటుంది. గొట్టం కొలతకు గుండు సరిపోవడమే గట్టిదనం కంటే ముఖ్యమని పాతకాపులు చెప్పేది నిజం. అయితే కొలత సరిచూసుకున్నాక వచ్చే ప్రశ్న మాత్రం ఇదే.

తుక్కును చూపుతో, చెవితో పోల్చుకోవడం

పరికరం దగ్గరికి వెళ్లకముందే సగం సంగతి తెలిసిపోతుంది. దిమ్మను ఆకురాయితో ఒకచోట గీకి, తళతళలాడే కొత్త లోహం మీద బొటనవేలి గోరుతో గట్టిగా గీయాలి. శుద్ధ సీసం మీద గోటిగాటు స్పష్టంగా పడుతుంది, 10 దాటినదాని మీద గోరు జారుతుంది. దిమ్మను సిమెంటు గచ్చు మీద జానెడు ఎత్తు నుంచి వదిలితే మెత్తనిది తడి మట్టి ముద్దలా ‘దబ్’మంటుంది, లైనోటైపు లోహం గంటలా ఖంగుమంటుంది. సన్నని కడ్డీ అయితే వంచి చూడవచ్చు: శుద్ధ సీసం ఎటు చెబితే అటు వంగుతుంది, యాంటిమొనీ ఎక్కువ ఉన్నది పుటుక్కున విరిగి, విరిగినచోట బూడిదరంగు గింజలు గింజలుగా మెరుస్తుంది. కడ్డీ వంచినప్పుడు చిటపటమని సన్నని శబ్దం వస్తే అది సీసం కాదు, తగరం. గిన్నెలకు కలాయి పూసేవారికి బాగా తెలిసిన శబ్దం ఇది. అలాంటిది సీసం ధరకు దొరికితే మారుమాట్లాడకుండా కొనుక్కోవాలి.

రేంజి సీసం విషయంలో ఏ అంకె చెప్పినా పూర్తిగా నమ్మలేము. రాగితొడుగు గుండ్ల లోపలి సీసం మెత్తగా ఉంటుంది, ఇళ్లలో పోసినవి గట్టిగా ఉంటాయి. ఆ మట్టికట్ట వైపు ఎవరు ఏవి ఎక్కువగా కాల్చారన్నదాన్ని బట్టి ఒక పోతకూ మరో పోతకూ తేడా వస్తుంది. 8 నుంచి 12 వరకు ఎక్కడైనా ఉండవచ్చు.

బ్యాటరీ పలకల సీసాన్ని మాత్రం ఎంత చవకగా వచ్చినా ముట్టకూడదు. గంధకామ్లం ఒక ప్రమాదమైతే, ఈనాటి పలకల్లోని కాల్షియం, ఆర్సెనిక్, యాంటిమొనీలతో కూడిన తెట్టు తడి తగిలితే ఆర్సీన్, స్టిబీన్ అనే ప్రాణాంతక వాయువులు పుడతాయి.

రెండో చిక్కు జింకు. ఐరోపా సమాఖ్య 2005లో కార్లకు సీసపు వెయిట్లను నిషేధించింది, కాలిఫోర్నియా 2010 నుంచి నిషేధించింది. దాంతో టైరు దుకాణాల బకెట్లలో జింకు, ఇనుప వెయిట్లు పెరిగిపోయాయి. జింకు వెయిట్ల మీద తరచుగా జింకు రసాయన సంకేతమే చెక్కి ఉంటుంది. లేకపోతే కటింగ్ ప్లయరుతో అంచును నొక్కి చూడాలి: సీసంలో దంతం దిగుతుంది, జింకు మీద జారిపోతుంది. అనుమానం తీరకపోతే గీకినచోట ఒక చుక్క మ్యూరియాటిక్ యాసిడ్, అంటే మన బాత్‌రూమ్ కడిగే యాసిడ్ వంటిది, వేస్తే జింకు బుసబుస పొంగుతుంది, సీసం నిమ్మళంగా ఉంటుంది. చేతితొడుగులూ కళ్లద్దాలూ లేకుండా ఆ సీసా మూత తీయవద్దు. కరిగించేటప్పుడు థర్మామీటరు ఉంచి 370 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసుకుంటే, సీసం 327 దగ్గరే కరుగుతుంది, జింకుకు 419 దాకా కావాలి గనుక ఏరడంలో తప్పిపోయిన జింకు ముక్కలు తేలికైనవై పైకి తేలతాయి, పట్టకారుతో తీసేయవచ్చు. వేడి మితిమీరి జింకు కలిసిపోతే కుండలోని లోహం పలచగా పారదు, రాగిజావ గడ్డకట్టినట్టు పైన ముద్దలు కడుతుంది. జింకు కూడా గట్టిదనం పెంచుతుంది కాబట్టి కొలతలో అంకె చక్కగానే కనిపిస్తుంది, అచ్చులో పోస్తేనే బండారం బయటపడుతుంది.

కొలతకు బిళ్ల తయారుచేయడం

దిమ్మను వచ్చినది వచ్చినట్టు కొలవకూడదని నా అభిప్రాయం. అమ్మినవాడు దాన్ని తొందరగా చల్లార్చడానికి నీళ్లలో ముంచాడో, ఎండలో వదిలేశాడో మనకు తెలియదు. వెయిట్ల సీసంలో 2 నుంచి 4 శాతం యాంటిమొనీ, దానితోపాటు కొసరంత ఆర్సెనిక్ ఉంటుంది. అచ్చులోంచి తీసిన వెంటనే నీళ్లలో వేస్తే అదే లోహం కొద్దిరోజుల్లో 18, 20 దాకా కూడా ఎక్కుతుంది. శుద్ధ సీసానికి నీళ్లు పోసినా పాలు పోసినా ఏమీ కాదు. కాబట్టి పెట్టెలో పై దిమ్మ నుంచి ఒక ముక్క, అడుగు దిమ్మ నుంచి ఒక ముక్క కోసి, విడివిడిగా కరిగించి, బొటనవేలి మందం ఉన్న బిళ్లలుగా పోసి, గాలిలోనే ఆరనివ్వాలి. బిళ్ల మీద పోసిన తేదీ గీకి రాయాలి.

కరిగించే పని ఆరుబయట, గాలి ఒక పక్కకు వీస్తున్నచోట చేయాలి. ఒక్క చెమట చుక్క, తడి గరిటె, మంచు తగిలిన దిమ్మ కుండలో పడినా నీరు ఒక్కసారిగా ఆవిరై సీసం చిమ్ముతుంది. మొహం మీద పూర్తి కవచం, పొడుగు చేతుల నూలు చొక్కా, తోలు బూట్లు లేకుండా దగ్గరికి పోవద్దు. సీసం పొడి చేతుల నుంచి నోటికి, చెప్పుల నుంచి చిన్నపిల్లలు పాకే నేలకు చేరుతుంది. పిల్లల రక్తంలో సీసానికి నిరపాయమైన మోతాదు అంటూ లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో పెట్టిన హెచ్చరిక గీత డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు మాత్రమే. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు ఉంటే ఈ పని గ్యారేజీలో కూడా వద్దు. పొడిచీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి, పనిబట్టలు వేరుగా ఉతకాలి, వంటింటి పాత్ర ఒకసారి ఇక్కడికి వస్తే మళ్లీ పొయ్యి మీదికి పోకూడదు. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోవడం పిరికితనం కాదు.

కమ్మరి కొలిమిలో ఎర్రబడ్డ ఇనుమును తలచుకుంటే సీసం స్వభావం తేలిగ్గా అర్థమవుతుంది. పరమశూన్యం నుంచి లెక్కిస్తే సీసం కరిగేది 600 డిగ్రీల దగ్గర, మన గది వేడి 300. అంటే గదిలో ఊరికే పడి ఉన్న సీసం కరగడానికి సగం దారిలో ఉంది; ఇనుము ఆ సగం దారికి చేరేది ఎర్రగా కాలినప్పుడే. అందుకే సీసం బరువు కింద నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది, సుత్తితో కొడితే చల్లని ఇనుములా గట్టిపడదు, పైగా యాంటిమొనీ కలిసిన సీసం కొట్టినకొద్దీ మెత్తబడుతుంది. కాబట్టి కొలిచే చోటు చదును కావాలని బిళ్లను సుత్తితో సాగగొట్టకూడదు. ఆకురాయితో తేలికగా రుద్ది, సన్నని ఉప్పుకాగితంతో మెరుగుపెట్టడమే సరైనది. బిళ్ల కనీసం 5 మిల్లీమీటర్ల మందం ఉండాలి, లేకపోతే కింద ఉన్న బల్ల గట్టిదనం కొలిచినట్టవుతుంది.

పెన్సిళ్ల గీటురాయి

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టడానికి చిత్రలేఖనం పెన్సిళ్ల పెట్టె ఒకటి చాలు, 6బి నుంచి హెచ్ దాకా ఒకే కంపెనీవి ఉండాలి. చెక్కను మాత్రమే చెక్కి గ్రాఫైటు పుల్లను గుండ్రంగా అలాగే ఉంచి, దాని కొనను ఉప్పుకాగితం మీద నిటారుగా రుద్ది చదును చేయాలి, అంచు పదునుగా నిలవాలి. పెన్సిలును 45 డిగ్రీల వాలులో పట్టి, బిళ్ల మీద ముందుకు తోయాలి. మెత్తని పెన్సిలైతే అంచు నలిగి నల్లటి గీత మిగులుతుంది, లోహానికంటే గట్టిదైతే అంచు లోపలికి దిగి పలచని సీసపు పొర రేగుతుంది. లోహాన్ని తొలవకుండా జారిపోయే పెన్సిళ్లలో అన్నిటికంటే గట్టిది ఏదో అదే దాని గుర్తు. శుద్ధ సీసానికి 6బి, గాలిలో ఆరిన వెయిట్ల సీసానికి 3బి, 2బి ప్రాంతం, 15 దగ్గర ఉన్న మిశ్రమానికి హెచ్‌బి, లైనోటైపుకు హెచ్ అని స్థూలంగా చెప్పుకోవచ్చు. కంపెనీ మారితే ఈ వరుస కాస్త పక్కకు జరుగుతుంది కాబట్టి, ధ్రువపత్రంతో అమ్మే శుద్ధ సీసం ఒక బిళ్ల, లైనోటైపు ఒక బిళ్ల కొని దగ్గర పెట్టుకుని మీ పెన్సిళ్లను ముందు వాటి మీద పరీక్షించాలి. వేలికి అలవాటు పడ్డాక ఈ పద్ధతిని చిన్నచూపు చూడలేరు.

ఆ తెలిసిన బిళ్ల చేతిలో ఉంటే ఇంకో చిట్కా కూడా పనిచేస్తుంది. దానికీ తెలియని బిళ్లకూ మధ్య 8 మిల్లీమీటర్ల బేరింగు గోళీ పెట్టి బెంచీ వైసులో నెమ్మదిగా బిగిస్తే రెండింటిమీదా ఒకే బలం పడుతుంది, గుంటలు మాత్రం వేరువేరు సైజుల్లో వస్తాయి. గుంటల వ్యాసాల నిష్పత్తిని వర్గం చేస్తే గట్టిదనాల నిష్పత్తి దాదాపుగా వస్తుంది. శుద్ధ సీసంలో గుంట 3.6 మిల్లీమీటర్లు, తెలియనిదానిలో 2.4 అయితే నిష్పత్తి ఒకటిన్నర, దాని వర్గం 2.25, దాన్ని 5తో హెచ్చిస్తే 11 పైచిలుకు. ఎంత బిగించామన్నది లెక్కలోకి రాదు, అదే దీనిలోని అందం.

గుంటను భూతద్దంలో చదవడం

పోత పోసేవారిలో ఎక్కువమంది వాడేది లీ కంపెనీ చిన్న పరికరం. 5/32 అంగుళం గోళీని స్ప్రింగు 60 పౌండ్ల బలంతో నొక్కుతుంది, పైన కడ్డీ అంచుకు సమంగా రాగానే ఆ బలం పడినట్టు గుర్తు, అలా 30 సెకన్లు కదలకుండా పట్టి ఉంచాలి. సీసం సాగుతూ ఉంటుందని పైన చెప్పుకున్నాం కదా, అందుకే 30 అంటే 30. ఫోను గడియారం చూసుకుంటూ లెక్కపెట్టాలి, మనసులో లెక్కపెడితే 20కే చేయి వదులుతుంది.

అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. పరికరంతో వచ్చే 20 రెట్ల సూక్ష్మదర్శిని కలం అంత సన్నగా ఉంటుంది, దాని లోపలి గీతల మధ్య దూరం అంగుళంలో వెయ్యింట 2 వంతులు. చేతితో పట్టుకుంటే గుండె కొట్టుకున్నప్పుడల్లా గుంట గీతల కింద ఈదుతుంది. నేను రెండు చెక్కముక్కల మధ్య దాన్ని ఇరికించి రబ్బరుబ్యాండు చుట్టాను, బిళ్లను కింద జరుపుతాను. బల్లదీపాన్ని పక్కనుంచి దాదాపు నేలబారుగా పెడితే గుంట ఒక అంచు మెరిసి, ఎదుటి అంచు నీడలో నల్లగా తేలుతుంది. మెరుపు మొదలైనచోటి నుంచి నీడ ముగిసినచోటి వరకు కొలవాలి. బిళ్లను పావు చుట్టు తిప్పి మళ్లీ కొలిచి సగటు తీయాలి. ఒకే గుంటతో తృప్తిపడకుండా కనీసం మూడు వేయాలి, గుంటకూ గుంటకూ మధ్య, గుంటకూ అంచుకూ మధ్య మూడు గుంటలు పట్టేంత ఎడం ఉండాలి.

ఆ కొలతల అర్థం ఇది. గుంట అంగుళంలో వెయ్యింట 98 వంతులైతే 5, అంటే శుద్ధ సీసం. 72 అయితే 9.8, 60 అయితే 14.3, 50 అయితే 20.9. ఒక్క గీత తప్పు చదివితే ఏమవుతుందో కూడా లెక్కకట్టుకోవాలి: 72 బదులు 74 అనుకుంటే 9.2 వస్తుంది, తేడా అరపాటి. 50 బదులు 52 అనుకుంటే 19.3, తేడా ఒకటిన్నర పైనే. గట్టి లోహాల దగ్గర ఈ పరికరం చెప్పే దశాంశాలకు అర్థం లేదు. అమ్మకపు చీటీ మీద ‘21.4’ అని చూస్తే నాకు నవ్వొస్తుంది.

బిళ్లను పోసిన రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, రెండు వారాల తర్వాత ఒకసారి కొలిచి మూడూ రాసుకోవాలి. అంకె ఏమాత్రం కదలకపోతే అందులో యాంటిమొనీ లేనట్టే, లేదా నామమాత్రమే. 9 నుంచి 12కు ఎక్కితే అది వెయిట్ల కుటుంబం. కొలిచిన రోజు గది వేడి కూడా ఒక పక్కన రాసుకోవడం మేలు, టెక్సాస్ ఆగస్టు గ్యారేజీలో వచ్చే అంకె జనవరి అంకె కంటే కాస్త తగ్గుతుంది.

తూకంతో సరిచూడటం

అమ్మినవాడు 18 అన్నాడు, అతని దిమ్మ కొలిచినా 18 చూపింది. అది యాంటిమొనీ వల్ల వచ్చిందా, నీళ్లలో ముంచడం వల్ల వచ్చిందా? గట్టిదనపు పరికరం దీనికి జవాబివ్వదు, తూకం ఇస్తుంది. యాంటిమొనీ, తగరం సీసం కంటే చాలా తేలిక; నీళ్లలో ముంచినంత మాత్రాన సాంద్రత మారదు.

గ్రాములో పదోవంతు చూపే తూకంయంత్రం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయాలి. ఒక పౌండు, అంటే 454 గ్రాముల ముక్కను దారంతో కట్టి, గ్లాసు అడుక్కూ గోడలకూ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. ముక్కకు అంటుకున్న గాలిబుడగలు పోయేదాకా ఒకటి రెండుసార్లు ఆడించాలి. అప్పుడు యంత్రం చూపే అంకె ముక్క తొలగించిన నీటి బరువు. శుద్ధ సీసమైతే 40 గ్రాములు చూపుతుంది, వెయిట్ల సీసమైతే 41, లైనోటైపైతే 44. మీ 18 గట్టిదనపు ముక్క 41 చూపితే అది నీళ్లలో ముంచిన వెయిట్ల సీసం. మీరు కరిగించి గాలిలో ఆరబెట్టిన మరుక్షణం దాని ఆధిక్యమంతా పోతుంది. 18కి తగ్గ ధర పెట్టి 12 సరుకు కొన్నట్టు. ముక్క లోపల డొల్ల గాని, తెట్టు చిక్కుకుని గాని ఉంటే ఈ లెక్క తప్పుతుందని గుర్తుంచుకోవాలి.

కొన్ని స్క్రాప్ యార్డుల్లో ఎక్స్‌రేతో లోహాన్ని గుర్తించే తుపాకీలాంటి యంత్రం ఉంటుంది. మంచిగా అడిగితే దిమ్మ మీద పెట్టి చూపిస్తారు. అది మిశ్రమంలోని శాతాలు చెబుతుంది, గట్టిదనం చెప్పదు. పైపొరను మాత్రమే చూస్తుంది కనుక ముందు ఆకురాయితో గీకి ఇవ్వాలి. శాతాలు తెలిస్తే గాలిలో ఆరిన గట్టిదనాన్ని అంచనా వేసే ఒక వాడుక సూత్రం ఉంది: 8.6కు, తగరం శాతాన్ని 0.29తో, యాంటిమొనీ శాతాన్ని 0.92తో హెచ్చించి కలపాలి. లైమన్ నంబర్ 2కు ఇది 14.65 ఇస్తుంది, లైనోటైపుకు 20.8. శుద్ధ సీసానికి మాత్రం పనికిరాదు, 5 ఉన్నదాన్ని 8.6 అంటుంది.

ఈ సూత్రం ఉపయోగమంతా కలపడంలో ఉంది. 15 పౌండ్ల శుద్ధ సీసంలో 5 పౌండ్ల లైనోటైపు కలిపితే గట్టిదనం ఎంత? చాలామంది 5, 22 అంకెలకే పాళ్ల ప్రకారం సగటు తీసి 9 అంటారు, అది తప్పు. గట్టిదనాలను కూడకూడదు, శాతాలను కూడాలి. యాంటిమొనీ 12లో నాలుగోవంతు 3, తగరం 4లో నాలుగోవంతు 1, సూత్రంలో వేస్తే 11.65. మొదట అరకిలో మోతాదులో కలిపి బిళ్ల పోసి రెండు వారాలు ఆగి కొలిచాకే పెద్ద కుండ వెలిగించాలి. జింకు కలిసిన సరుకును ఇలా పలచబరిచి వాడుకుందామన్న ఆలోచన వస్తుంది. ఆ దిమ్మలను వేరుగా పెట్టి చేపల గాలాల బరువులకు వాడుకోవడం నయం.

కొలవడం అయిపోయాక ప్రతి దిమ్మ మీద ఎక్కడిదో, ఎప్పుడు పోసిందో, గాలిలో ఆరిందో నీళ్లలో ముంచిందో, రెండు వారాల అంకె ఎంతో రాయాలి. మార్కరు పెన్నుతో రాస్తే ఏడాదికల్లా చెరిగిపోతుంది; ఉక్కు అక్షరాల పంచ్‌తో ఒక్క దెబ్బ వేస్తే కరిగించేదాకా నిలుస్తుంది. శుద్ధ సీసంలో ఆ పంచ్ ఎంత లోతుకు దిగిందో, లైనోటైపులో ఎంత దిగిందో పక్కపక్కన పెట్టి చూడండి, రాసిన అంకె చదవకుండానే ఏది ఏదో తెలిసిపోతుంది.